లేతమందు

ఆయన గొంతు నా దగ్గర లేకుండా పోయిందని తెలిసిన రోజు మా వంటింట్లో చింతపండు నానుతోంది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఎంతమంది వస్తారో, పులిహోర ఎంత కలపాలో చూసుకుంటున్నాం. మా అమ్మాయి షారోన్ గచ్చు మీద కూర్చుని ఫోన్లో పాత ఫొటోలు వెతుకుతోంది. ఉన్నట్టుండి అందులోంచి ఒక మగగొంతు గట్టిగా వినిపించింది.

"టీచరుగారూ, గేటు తాళం నా జేబులోనే ఉండిపోయింది. వెనకవైపు నుంచి రండి, మన పిల్లి వచ్చే దారిలో." ఆ వెంటనే పెద్ద నవ్వు.

నాకూ నవ్వొచ్చింది. "ఎవరే ఆయన? సరదా మనిషిలా ఉన్నారు" అన్నాను.

షారోన్ తలెత్తి చూసింది. నేను హాస్యానికి అన్నానేమోనని కాసేపు ఎదురుచూసింది.

"అమ్మా, నాన్న."

"ఆఁ. ఫోన్లో సరిగ్గా వినపడలేదు."

షారోన్ దాన్ని మళ్ళీ వినిపించింది. తర్వాత ఇంకోసారి. నేను చింతపండు పిసుకుతూ విన్నాను. ఎవరో ఒకాయన, ఇంటి బయట నిలబడి పిలుస్తున్నారు. చెయ్యి కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళి గోడమీది ఫొటో చూశాను. పేరు జీవరత్నం. పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. నిరుడు గుండెపోటుతో పోయారు. నాకు భర్త. ఇవన్నీ నాకు పాఠం తెలిసినట్టు తెలుసు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు రాయగలను. కానీ ఫొటోలోని మనిషి మంచివాడిలా కనిపించాడు, అంతకుమించి నాకేమీ అనిపించలేదు.

వెనక నుంచి షారోన్, "అమ్మా, నువ్వు ఈమధ్య ఏడవడం లేదని సంతోషపడ్డాను" అంది. 

*

పరిశోధనశాలకు నేను వెళ్ళింది కెజియా కోసం. కెజియా షారోన్ కూతురు. పుట్టుకతోనే చెవులు వినపడవు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, నా మనవరాలితో ఒక్క మాట సరిగా మాట్లాడలేకపోయేదాన్ని. సైగల భాష నేర్చుకోవాలని చూశాను. యాభై ఎనిమిదేళ్ళ వేళ్ళు మాట వినలేదు. ఉదయం నేర్చుకున్నది సాయంత్రానికి ఉండేది కాదు.

ఆయనకు ఆ ఇబ్బంది లేదు. క్రేన్ మీద కూర్చున్న మనిషికి కిందివాళ్ళ మాట వినపడదు. చేతులు ఎలా కదిలితే అలా బరువు ఎత్తాలి, దించాలి, ఆపాలి. జీవితమంతా చేతులు చదివిన మనిషి. క్రేన్ సైగలతోనే కెజియాతో ఒక భాష కట్టుకున్నారు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తుకోమనట. ఆయన పోయాక ఆ పిల్ల చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆ ప్రకటన చూశాను. వయసు మళ్ళినవారికి మళ్ళీ చిన్నపిల్లల్లా నేర్చుకునే శక్తి ఇచ్చే మందు మీద పరిశోధన. ఎండాడ కొండ పక్కన, సముద్రం కనిపించే అద్దాల భవనం. డాక్టర్ అస్మా అనే అమ్మాయి చూసుకునేది. నెమ్మదిగా, ఎదుటివారు అర్థం చేసుకున్నారో లేదో చూసుకుంటూ మాట్లాడే పిల్ల. ముక్కులోకి ఒక తుంపర కొట్టేవారు. తలకు టోపీలాంటిది తొడిగేవారు. ఆ తర్వాత ముప్పావుగంటసేపు ఏది నేర్చుకుంటే అది పసిపిల్లలకు నడక వచ్చినట్టు వచ్చేసేది. "ఆ సేపు మనసు ఖాళీగా ఉంచుకోండి, ఎదురుగా ఉన్నదే చూడండి" అని ప్రతిసారీ చెప్పేది అస్మా.

నా పక్క కుర్చీలో అప్పలకొండ ఉండేవారు. రేవు నుంచి చేపల వేటకు వెళ్ళి వెళ్ళి ఈమధ్యే మానేసిన మనిషి. చదువు నేర్చుకోవడానికి వచ్చారు. మందుకు ఇంగ్లీషులో పొడుగాటి పేరుంటే, ఆయన దాన్ని మార్చేశారు.

"ముదిరిపోయిన బొండాన్ని లేతకొబ్బరి సేసీ మందు కాదేటి, టీచరమ్మా? లేతమందు."

అందరూ అదే పేరు పట్టుకున్నారు. ఆఖరికి అస్మా కూడా.

మొదటి వారం నాకు బాగానే వచ్చింది. కానీ బాగానే రావడం నాకు చాలలేదు. బడిలో నాకో పద్ధతి ఉండేది. కొత్త మాట చెప్పినప్పుడల్లా, "దీన్ని మీ ఇంట్లో ఎవరికి అప్పగిస్తారు?" అని అడిగేదాన్ని. ఒకడు 'ఔదార్యం' వాళ్ళ నాయనమ్మకు అప్పగించేవాడు, అడిగినవాడికల్లా పచ్చడి ఇచ్చేస్తుంది కాబట్టి. పరీక్షలో మాట గుర్తురాకపోతే నాయనమ్మను తలుచుకోవడమే. ఆవిడ తెచ్చి ఇచ్చేస్తుంది. ఇష్టమైన మనిషికి అప్పగించిన మాట పోదని వందలమంది పిల్లలకు చెప్పాను. అది నిజమే కూడా, బడిలో.

ఆ కుర్చీలో కూర్చుని నేను ప్రతి సైగనూ ఆయనకు అప్పగించాను. ఏది దేనికో అప్పటి నోటుపుస్తకంలో రాసి ఉంది కాబట్టి ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. 'నీళ్ళు'కు ఆయన చెంబెత్తి తాగడం. 'కోపం'కు ఆయన చొక్కా గుండీ తప్పు పెట్టుకుని నన్ను కసరడం. 'రేపు'కు, 'ఇల్లు'కు, 'ఎందుకు'కు. ముప్పావుగంటసేపు ఆయన్నే తలుచుకుంటూ ఉండొచ్చు, అదీ చదువు పేరు మీద. ఏడుపు రాకుండా ఆయన దగ్గర కూర్చోవడానికి నాకు దొరికిన చోటు అదొక్కటే. సైగలు వరదలా వచ్చాయి. అస్మా నా చేతులు చూసి ఆశ్చర్యపోయింది. మెచ్చుకోలు నాకు నచ్చింది. పద్ధతి ఏమిటో ఆమెకు చెప్పలేదు. ఒక పంతులమ్మ గుట్టు అనుకున్నాను.

అప్పలకొండకు మాత్రం చెప్పాను. అక్షరాలు నిలవడం లేదని ఆయన బెంగపడుతుంటే, వాకిట్లో టీ తాగుతూ, "బాగా ఇష్టమైన మనిషిని ఒకరిని పట్టుకోండి. అక్షరాలన్నీ వాళ్ళకే అప్పగించండి" అన్నాను.

మర్నాడు ఆయన మొహం వెలిగిపోతోంది. "మా పెద్దగుంటడికి ఒప్పసెప్పీసినానండి టీచరమ్మా! నాలుగేళ్ళ గుంటడు, ఒళ్ళంతా పచ్చబడి పసిరికలొచ్చి పోయినాడు. కా అంటే ఆడి కాలు. ప అంటే ఆడి పన్ను, ఒకటి ఇరిగిపోనాది ముందరిది. ఆడే తెచ్చి ఇచ్చీస్తన్నాడు!"

"చూశారా" అన్నాను నేను, బడిలో అన్నట్టే.

ఆ నెలల్లో నేను బాగున్నాను. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా బాగున్నాను. నిద్ర పట్టింది. చర్చిలో అందరూ "టీచరుగారు తేరుకున్నారు" అన్నారు. కెజియా నన్ను మొదటిసారి సైగలతో ఒక ప్రశ్న అడిగింది, చీమలకు మోకాళ్ళు ఉంటాయా అని. నేను జవాబు చెప్పాను. ఆ పిల్ల నా మెడ పట్టుకుని వేలాడింది. దేవుడు నాకు రెండో జీవితం ఇచ్చాడనుకున్నాను. బరువు తగ్గిందని సంతోషించాను కానీ తగ్గిన బరువు ఎక్కడికి పోయిందని అడగలేదు.

*

ఆయన గొంతు పోయిందని తెలిసిన మర్నాడు అస్మా దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపేసింది.

"నేర్చుకునేటప్పుడు మీరు ఏం తలుచుకునేవారు, టీచర్‌గారూ?"

అప్పుడు నా పద్ధతి చెప్పాను. చెప్తుండగానే ఆమె మొహం మారిపోయింది.

"పాతది తలుచుకున్నప్పుడు అది కాసేపు మెత్తబడుతుందండీ. మామూలుగా అయితే మళ్ళీ గట్టిపడుతుంది. మందు పనిచేస్తున్నప్పుడు ఆ మెత్తబడిన చోటే కొత్తది రాసుకుపోయినట్టుంది. నేను మనసు ఖాళీగా పెట్టుకోమన్నది ధ్యాస చెదరకూడదని. ఇలా అవుతుందని మాకూ తెలియదు. ముందు జంతువుల మీద చూశాం కానీ, అవి దేన్ని తలుచుకుంటాయో అడగలేం కదా."

"తిరిగి వస్తుందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "కింద ఏమీ మిగలదు. కొత్తగా నేర్చుకోవచ్చు. మనిషి ఎదురుగా ఉంటే..." అని ఆగిపోయింది. ఆమెకు అప్పటికి గుర్తొచ్చింది, నా మనిషి ఎదురుగా లేడని.

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. దూరంగా పోర్టు క్రేన్లు. వాటిలో ఆయనది ఏదో ఒకప్పుడు నాకు తెలిసి ఉంటుంది.

"ఈ పద్ధతి ఇంకెవరికైనా చెప్పారా?"

"అప్పలకొండగారికి చెప్పాను."

అస్మా కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి, ఎవరికో ఫోన్ చేసి, మొత్తం పరిశోధన ఆపేయమంది. నేను వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "నేను వెళ్ళి వాళ్ళకు చెప్తాను. మందుదే తప్పు. మీ పేరు అవసరం లేదు" అంది. నా వయసులో సగం ఉంటుందేమో ఆ పిల్ల. నేను వద్దనలేదు.

*

నాలుగు రోజులాగి జాలరిపేట వెళ్ళాను, నిజం చెబుదామనే. దారిలో వాక్యాలు కూర్చుకున్నాను. 'ఆ సలహా నాది' అనేది మొదటి వాక్యం.

అప్పలకొండ అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. వేలు పెట్టి, పైకి, బాగా చదువుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. "టీచరమ్మొచ్చినాది, ఓలే!" అని లోపలికి కేకేశారు.

ఆయన భార్య పోలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎప్పుడూ చూడకపోయినా నన్ను ఎరిగినట్టే మాట్లాడింది.

"రండి టీచరమ్మా, ఇలగ కూకోండి. మీ గురించి సెప్పని రోజు నేదు ఈడు. బస్సు బోర్డులు సదివీస్తన్నాడు. మందుల సీటీలు సదివీస్తన్నాడు. నిన్న నా రేషను కార్డు సదివి నా వయసు తప్పని నాతో తగువేసుకున్నాడు."

"తప్పే మరి. నాకంటే పెద్దదని రాసీసినారు" అన్నారు అప్పలకొండ.

"నువ్వు నాకంటే సిన్నోడివే, బుద్ధిలో." ఆవిడ నవ్వింది. ఆయన పేపరు మడిచి, టీ తెస్తానని గ్లాసు పట్టుకుని సందు చివరికి వెళ్ళారు. ఆయన మలుపు తిరిగేదాకా చూసి పోలమ్మ గొంతు తగ్గించింది.

"ఆ డాక్టరమ్మ ఒచ్చినాది మొన్న. తప్పైపోయిందని కాళ్ళు పట్టుకోబోయినాది. సీపురు తీసినాను. ఎల్లగొట్టీసినాను. నా కొడుకుని మింగీసి తప్పంటే సరిపోద్దేటి?"

నేను నోరు తెరిచాను.

"మీకు తెలీదు టీచరమ్మా. మాకు పెద్దగుంటడొకడు పోయినాడు. సింవాద్రి. ఫొటో కూడా నేదు. తరవాత పుట్టినోళ్ళకి ఆడు తెలీదు. నాకూ ఈడికీ తెలుసు, అంతే. వల బాగు సేసుకుంటా మజ్జానం పూట మాటాడుకునీవోళ్ళం. నాను ఆడి పన్ను ఇరిగింది సెప్తే, ఈడు అదెలగ ఇరిగిందో సెప్పీవోడు. ఇప్పుడు సెప్తే, 'అలగా, పాపం' అంతన్నాడు. ఎవులి గుంటడి గురించో ఇన్నట్టు." ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకోలేదు. ఎండలోకి చూస్తూ కూర్చుంది. "ఈడు సదువుకున్నందుకు నాను ఏడవనా, నవ్వనా? మీరు మంచి మాట సెప్పీ మనిషి. ఆ డాక్టరమ్మకి మీరు నాలుగు పెట్టాల."

అప్పలకొండ టీతో తిరిగి వచ్చారు. నేను తాగాను. నాకోసం నెత్తళ్ళ చేపలు ఆకులో చుట్టి ఇచ్చింది పోలమ్మ. నేను తీసుకున్నాను. దారిలో కూర్చుకున్న వాక్యాలన్నీ దారిలోనే ఉండిపోయాయి. కూడికకు రమ్మని మాత్రం చెప్పి వచ్చాను.

*

కూడిక రోజు ముందుగది నిండిపోయింది. పోర్టు నుంచి ఆయనతో పనిచేసినవాళ్ళు వచ్చారు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పాట, ప్రార్థన, వాక్యం అయ్యాక, పోయినవారిని గురించి ఇంటివాళ్ళు సాక్ష్యం చెప్పాలి. మొదట భార్యే లేవాలి.

షారోన్ ముందురోజే ఒక కాగితం మీద రాసి ఇస్తానంది. నేనే వద్దన్నాను. మరొకరు రాసిచ్చిన జవాబు చదవడం నాకు చేతకాదనుకున్నాను. అంత మిడిసిపాటు ఇంకా మిగిలి ఉంది నాలో.

"ఇప్పుడు కరుణ టీచరుగారు తమ భర్తగారిని గూర్చి కొన్ని మాటలు పంచుకుంటారు" అన్నారు పాస్టరుగారు.

లేచాను. "వందనాలండి" అన్నాను. తర్వాత మాట రాలేదు. పుట్టిన ఊరు, చేరిన ఉద్యోగం, పోయిన తేదీ చెప్పొచ్చు. అవి కూడిక పిలుపు కార్డు మీద అచ్చువేసే ఉన్నాయి. అందరూ నా దుఃఖానికి తలలు వంచారు. ఎవరో ముక్కు చీదారు. లేని దుఃఖానికి అంతమంది మర్యాద చేస్తుంటే నేను వాళ్ళ చెప్పుల వరసను చూస్తూ నిలబడ్డాను. కుర్చీల మధ్య పోలమ్మ నావైపే చూస్తోంది, జాలిగా.

అప్పుడు ముందు వరసలో కెజియా లేచింది. గాలిలో చెయ్యి ఊపి నన్ను పిలిచింది. 'నేను చెప్పనా?' అని అడిగింది.

చెప్పమన్నాను.

ఆ పిల్ల చేతులు కదిలాయి. కదిలిన ప్రతి మాటనూ నేను పైకి చెప్పాను.

"తాత నన్ను భుజం మీద ఎక్కించుకుని పోర్టు గోడ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. క్రేన్లు కొంగల్లా ఉంటాయి. ఎర్ర చారలు ఉన్నది నాది అని చూపించేవాడు. తాతకు షుగరు. పుల్లైసు తినకూడదు. తిని, గడ్డం తుడుచుకుని, అమ్మమ్మకు చెప్పొద్దు అనేవాడు."

గదిలో నవ్వులు లేచాయి. పోర్టువాళ్ళలో ఒకాయన నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నారు. నేను నవ్వలేదు. మొదటిసారి వింటున్నాను కదా, ఒక్క మాట జారిపోకూడదని ఆ వేళ్ళనే చూస్తున్నాను.

"తాత చాలా గట్టిగా మాట్లాడతాడని అమ్మ అంటుంది. నాకు తెలియదు. నాతో ఎప్పుడూ మెల్లగా మాట్లాడాడు."

చివర కెజియా రెండు చేతులూ ముందుకు తెచ్చి, వేళ్ళు వేళ్ళలో పెట్టి గట్టిగా పట్టుకుంది. అది నేను నేర్చుకున్న భాషలో లేదు.

'అదేమిటి?' అని చేతులతో అడిగాను.

పిల్ల నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను మరిచిపోను. మరిచిపోనని అనడానికి ఇప్పుడు నాకు హక్కు లేదు కానీ, ఆ చూపు మాత్రం ఉంది. 'నీదే కదా' అంది. 'నువ్వు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తాత కిటికీ అవతల నిలబడి చేసేవాడు. క్రేన్ సైగ. నీకు ఎందుకు తెలియదు?'

గదిలో ఎవరికీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. షారోన్‌కు తప్ప. అది తల దించుకుంది.

'అంటే ఏమిటో చెప్పు' అన్నాను.

కెజియా చెప్పింది. నేను పైకి అన్నాను. "ఎక్కడివక్కడ ఆపేసి, నా దగ్గరికి రా అని."

అని కూర్చుండిపోయాను.

పులిహోర తినేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి, ఎంత బాగా గుర్తుపెట్టుకున్నారు టీచరుగారూ అన్నారు. నేను చేతులు జోడించాను. ఎర్ర చారల క్రేన్ గురించి పోర్టువాళ్ళను మాత్రం అడిగాను. వాళ్ళు ఆశ్చర్యపోతూనే చాలాసేపు చెప్పారు. నేను మంచి విద్యార్థిలా విన్నాను.

పెరట్లో కుళాయి దగ్గర పోలమ్మ చేతులు కడుక్కుంటోంది.

"మనవరాలు సెప్తే మీరు సెప్పినారు కదా, టీచరమ్మా. అది సూసినాక నాకు ఓ ఆలోసనొచ్చినాది. నానూ మా ముసిలోడికి అలగే సెప్పుకుంతాను. రోజుకింత. కొత్తగా ఇంటాడు. ఇననీ. సదువొచ్చింది గదా, ఇదీ రాదేటి?" నీళ్ళు ఆపి నావైపు తిరిగింది. "అయితే ఒకటి తెలీదు. ఈడికి వాళ్ళమ్మ గురుతే. నాను గురుతే. సేపల పేర్లన్నీ గురుతే. అన్ని వొగ్గీసి, నా సింవాద్రే ఎందుకు పోయినాడు? ఆ డాక్టరమ్మని అడగనేదు, సీపురు తీసీసినాను గదా. మీకేటైనా తెలుసా?"

"తెలుసు" అన్నాను. "ఇక్కడ కాదు. మీ ఇంటికి వచ్చి చెబుతాను."

"రండి మరి. నెత్తళ్ళు యేపుతాను."

ఇది జరిగి వానాకాలం వెళ్ళిపోయింది. సాయంత్రాలు కెజియా నాకు క్రేన్ సైగలు నేర్పుతోంది. మందు లేదు కాబట్టి మెల్లగా వస్తున్నాయి. తప్పు చేస్తే నా వేళ్ళు పట్టుకుని సరిచేస్తుంది. అప్పలకొండ ఒకసారి బజారులో కనిపించి, వాళ్ళ సింహాద్రికి ముందు పన్ను విరిగి ఉండేదట అని నాకు చెప్పారు.

పోలమ్మ ఇంటికి నేను ఇంకా వెళ్ళలేదు.